నాలుగో సీసా

సీసాల సారుకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గాని, జీతం కాగితం మీద తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. ముప్ఫై రెండేళ్లు ఆయన భుజాన ఒక గుడ్డసంచీ, సంచీలో గాజు సీసాలు. నడుస్తుంటే అవి ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఆ చప్పుడు వీధి మలుపులో వినబడగానే హోటళ్లలో గిన్నెల మీదికి మూతలొచ్చేవి. కొట్లలో కూర్చున్నవాళ్ల మొహాల్లోకి ఎక్కడలేని వినయం వచ్చేది.

"సారు కంటే ముందు సారు చప్పుడొస్తుంది. అలాంటి ఆఫీసరు దొరకడం మన అదృష్టం" అని బజారువాళ్లు నవ్వుకునేవారు.

సీసాల మధ్య ఇంత గుడ్డ కుక్కితే చప్పుడు రాదని ఆయనకు తెలియక కాదు. ఎవరినీ దొంగచాటుగా పట్టుకోవడం ఆయనకు ఇష్టముండేది కాదు. గొడవంటే గిట్టని మనిషి. ఎదుటివాడు గొంతు పెంచితే ఈయన చూపు నేలమీదికి దిగేది.

ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో తిండి మీద చట్టాలు ఏడెనిమిది ఉండేవి. పాలు ఒక శాఖవి, నూనె ఇంకో శాఖది, మాంసం మరొకరిది, డబ్బాల్లో వచ్చే సరుకు వేరొకరిది. ఒకసారి మాంసం కూరిన బన్నులు తిని ఒక కార్ఖానాలో సగం మంది మంచాన పడ్డారు. ఇద్దరు అధికారులు మిగిలిన బన్నును బల్లమీద పెట్టుకుని పూటంతా వాదించుకున్నారట. "పైది నాది, లోపలిది నీది" అని ఒకరు. "లోపలిది పైదాంట్లోనే ఉంది కాబట్టి మొత్తం నీ నెత్తినే" అని రెండోవారు. వాళ్లు తేల్చేలోగా సాక్ష్యంగా ఉన్న బన్ను కంపుకొట్టి పోయింది. కొత్తగా చేరినవాళ్లకు సీసాల సారు ఈ కథ చెప్పి నవ్వించేవారు.

తర్వాత ఆ చట్టాలన్నిటినీ కలిపి ఒకటే చట్టం చేశారు. ఆయనకు ఆ చట్టమంటే నిజంగానే గౌరవం. రాజధానిలో ఒక పెద్ద సంస్థ కూర్చుని ఏ పదార్థం ఎలా ఉండాలో కొలతలు రాస్తుంది. రాష్ట్రానికొక కమిషనరు ఆ కొలతల్ని అమలు చేయిస్తాడు. జిల్లాకొక అధికారి చేతిలో లైసెన్సులుంటాయి. ఇవ్వాలన్నా, ఆపాలన్నా ఆ సంతకమే. కింద సీసాల సారులాంటి క్షేత్ర అధికారులు కొట్లు తిరిగి నమూనాలు తీస్తారు. ల్యాబులో ఉన్నవాడికి కొట్టు పేరు తెలియదు, సీసా మీద అంకె మాత్రమే కనిపిస్తుంది. ఆ ల్యాబు మాట మీద నమ్మకం లేకపోతే దానిపైన ఇంకో పెద్ద ల్యాబుంది. ఎవరి మాటా ఒంటరిగా చెల్లకుండా, ఒకరి మీద ఒకరిని కాపలా పెట్టి కట్టిన ఇల్లది.

అందుకే నమూనాను నాలుగు భాగాలు చెయ్యాలి. నాలుగు సీసాలు, నాలుగింటికీ దారం, లక్క ముద్ర, కొట్టువాడి సంతకం. ఒకటి ల్యాబుకి. రెండు జిల్లా ఆఫీసు బీరువాలోకి, రేపు తగాదా వస్తే పెద్ద ల్యాబుకి పంపడానికి. నాలుగోది అమ్మేవాడి హక్కు. తన ఖర్చుతో, గుర్తింపు ఉన్న వేరే ల్యాబుకి పంపమని అతను అప్పటికప్పుడు అడగొచ్చు. అంత పెద్ద ఇంట్లో అమ్మేవాడి కోసం ముందుగా వేసి ఉంచిన కుర్చీ అదొక్కటే. కుర్చీ ఉందని అతనికి చెప్పాల్సింది నమూనా తీసే అధికారి.

సీసాల సారు చెప్పేవారు. అంటే, చదివేవారు. ఫారం వెనక ఉన్న నాలుగు పంక్తుల్నీ ఒక్క గుక్కలో, కామాలూ చుక్కలూ మింగేసి చదివేసేవారు. ఆయనకు పని నేర్పిన పెద్దాయన అలాగే చదివేవాడు. "చదివి వినిపించితిని అని రాసుకోవాలి గనక చదవాలి. అర్థమైతే వాడు అడుగుతాడు, వాడడిగితే నీకు ఇంకో గంట పని" అనేవాడు ఆ పెద్దాయన. పెద్ద కంపెనీ గోదాముల్లో అయితే ఈయన నోరు తెరవకముందే వాళ్ల వకీలు అందుకునేవాడు: "నాలుగోది మా ల్యాబుకి." చిన్న కొట్లలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆఫీసులో ఆయన చదువుడుకి "ఎక్స్‌ప్రెస్సు" అని పేరు. ఆయన కూడా నవ్వేవారు.

ఆ ఏడు వానాకాలంలో, నెలాఖరున, ఆయన లెక్కకి రెండు నమూనాలు తక్కువపడ్డాయి. నెలకు ఇన్ని తీయాలని పైనుంచి తాఖీదు. అలాంటప్పుడు ఆయన ఎక్కడికెళ్తారో ఆఫీసులో అందరికీ తెలుసు. సరుకు తప్పకుండా బాగుండే చోటికి వెళ్తారు. గొడవుండదు, కేసుండదు, లెక్క నిండుతుంది. ఆ పద్ధతిలోనే ఆ ఉదయం కారం పిన్ని మరకి వెళ్లారు.

బస్సులు ఆగే చోటుకి వెనక సందులో ఆవిడ మర. ఎండుమిరపకాయలు, పసుపు, మిరియాలు పట్టి అమ్మేది. ఊళ్లో సగం మందికి ఆవిడ పిన్ని. మొగుడు మర బెల్టు చూసుకునేవాడు, ముప్ఫయ్యేళ్లుగా తుమ్ముతూ. "ఈయన తుమ్మకపోతే ఆ రోజు సరుకు మంచిది కాదన్నమాట" అనేది ఆవిడ. సీసాల సారు ఇంట్లోకి కారం ఇరవయ్యేళ్లుగా అక్కణ్నుంచే వచ్చేది.

"రండి సారూ. సంచీ పట్టుకొచ్చారేంటి, అమ్మగారు డబ్బా ఇవ్వలేదా?" అంది ఆవిడ, మిరపకాయల తొడిమలు తీస్తూ.

"ఇవాళ డ్యూటీ మీద వచ్చానమ్మా. నమూనా తియ్యాలి."

"తియ్యండి. కళ్లు జాగ్రత్త. నాలుగు సీసాలెందుకు, ఇంట్లో నలుగురికీ తలో ఒకటా?"

ఆయన నవ్వి సంచీ విప్పారు. మొదటి సీసా బయటకు తీస్తే లోపల, మూతి దగ్గర, సన్నటి ఆవిరి పొర కనబడింది. అటెండరు ఆ పొద్దున్నే కడిగి బోర్లించిన సీసా అది, వాన ముసురుకి సరిగా ఆరలేదు. మిగతా మూడూ ముందెప్పుడో కడిగినవి, పొడిగానే ఉన్నాయి. సీసా తడిగా ఉంటే వాడకూడదని నియమం. వేరేది తేవాలంటే ఆఫీసుకి వెళ్లిరావాలి, బయట వాన. ఆయన జేబురుమాలు వేలికి చుట్టి లోపల తిప్పి తుడిచారు. వేలు అడుగుదాకా అందలేదు. కారం పోసి, మూత బిగించి, లక్క కరిగించి ముద్ర వేశారు. మొదట నింపింది కాబట్టి అది ల్యాబు సీసా అయింది.

తర్వాత ఎక్స్‌ప్రెస్సు వెళ్లిపోయింది. పిన్ని పెన్ను పట్టుకుని ఆగింది.

"మధ్యలో ఏదో ల్యాబన్నారు. అదేంటి?"

ఇన్నేళ్లలో అలా అడిగిన చిన్న వ్యాపారి ఆవిడొక్కతే.

"అదంతా మీకెందుకమ్మా, అనవసరంగా ఖర్చు. మీ సరుకు మంచిదేగా?"

"మంచిదే."

"మరింకేం? సంతకం పెట్టండి."

ఆ మాట ఆయన మంచితనంతోనే అన్నారు. ఆ సరుకు మంచిదని ఆయనకు తెలుసు. ల్యాబు రుసుము ఆవిడకి దండగని అనిపించింది. పిన్ని సంతకం పెట్టి, చేతులు దులుపుకుని, మళ్లీ తొడిమల్లో పడింది.

ల్యాబులో పని పేరుకుపోయి ఉందేమో, ఆ సీసా అరమీద పది రోజులు కూర్చుంది. తర్వాత రిపోర్టు వచ్చింది. బూజు. మనుషులు తినడానికి సురక్షితం కాదు.

రిపోర్టు చదువుతుండగానే సీసాల సారుకి ఆవిరి పొర కళ్లముందు కనబడింది. చూపుడువేలు అనుకోకుండా వంగింది. బీరువాలో అదే కారంతో మూడు పొడి సీసాలు ఉన్నాయి, పిన్ని అడగని నాలుగోదీ కలిపి. పక్కగదిలో జిల్లా అధికారి ఉన్నారు. మేడమ్ కచ్చితమైన మనిషేగాని చెబితే వినే మనిషి. పన్నెండు అడుగులు వేస్తే సరిపోయేది.

ఆయన వెయ్యలేదు. అప్పుడు పైపదవికి జాబితా తయారవుతోంది, అందులో తన పేరు ఉండొచ్చని గుమాస్తా చెవిలో వేశాడు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరుమెంటు. తడి సీసా వాడానని రాసిస్తే మెమో వస్తుంది, మెమో ఉన్నవాడి పేరు జాబితాలో ఉండదు. పైగా చట్టంలో అప్పీలు ఉంది కదా. ముప్ఫై రోజుల గడువుంది. ఆవిడే వేసుకుంటుంది, పెద్ద ల్యాబు బాగుందంటుంది, తన నోరు తెరవకుండానే అంతా సర్దుకుంటుంది. అలా అనుకుని లైసెన్సు ఆపిన నోటీసు ఆయనే తీసుకెళ్లి మర తలుపుకి అతికించారు.

సందులో జనం మూగారు. పిన్ని నోటీసు వంక చూడలేదు, ఆయన వంకే చూసింది.

"మంచిదైతే ఏం కాదన్నారుగా సారూ?"

"అప్పీలు వేసుకోవచ్చమ్మా. ముప్ఫై రోజులు..."

"మళ్లీ పరీక్షకా? ఒకసారికే బూజన్నారు. రెండోసారికి పురుగులంటారు. వద్దు బాబూ, మీకో దణ్ణం."

గట్టుమీద కూర్చుని ఏడ్చింది. మొగుడు పక్కన నిలబడ్డాడు. మర ఆగిపోయింది కాబట్టి ఆ రోజు అతనికి తుమ్ములు రాలేదు.

ఇంటికొచ్చి ఆయన ఇల్లాలికి సీసా సంగతి చెప్పేశారు. ఆవిడ కూర కలుపుతున్న గరిటె ఆపింది.

"ఆవిడ కారం మన కూరలో పడి ఇరవయ్యేళ్లయింది. ఎప్పుడైనా బూజు చూశామా?"

"అది కాదే..."

"ఏది కాదు? వెళ్లి చెప్పండి."

"జాబితా రానీ. వచ్చాక చెప్తా."

"జాబితా వచ్చేదాకా ఆవిడ ఏం పట్టుకోవాలి, మీ సంచీయా?"

రోజూ అన్నం వడ్డిస్తూ ఆవిడ ఒక అంకె చెప్పేది. "ఇవాళ్టికి తొమ్మిది." "ఇవాళ్టికి పదిహేడు." నోటీసు అతికించిన నాటినుంచి లెక్క అది. అయినా పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి, పక్కగది తలుపు వంక చూసి, కుర్చీలో కూర్చునేవారు. ముప్ఫై అన్నాక ఆవిడ చెప్పడం మానేసింది. బజారుకి వెళ్తే బస్సులు ఆగే చోటు దాటకుండా చుట్టుదారిన వచ్చేది. పిన్ని ఎదురైతే ఏ మొహం పెట్టుకోవాలో తెలియక.

ముప్ఫై ఆరో రోజున జాబితా వచ్చింది. సీసాల సారు పేరు అందులో లేదు. ఎప్పుడూ లేదట, గుమాస్తా ఊరికే అన్నాడట.

మర్నాడు ఆయన పక్కగదిలోకి పన్నెండు అడుగులూ వేశారు. చేతిలో కాగితం. అందులో రాసిందంతా నిజం, ఒక్క మాట తప్ప. సీసా అడుగున తడి ఉండి ఉండవచ్చు, అందువల్ల బూజు పట్టి ఉండవచ్చు, మిగతా సీసాలు పొడిగా ఉన్నాయి, ఈ సంగతి "ఇటీవల గుర్తుకు వచ్చినది" అని రాశారు. ఇటీవల అన్న ఆ మాట రాయడానికి కాగితం మొత్తానికి పట్టినంత సేపు పట్టింది.

మేడమ్ రెండుసార్లు చదివారు.

"గడువులోపల గుర్తొచ్చి ఉంటే ఎంత బావుండేదండీ! ఇప్పుడు నాకై నేను తెరవలేను. ఆవిడ అడగాలి. ఆలస్యానికి కారణం చూపిస్తే తీసుకునే వీలుంది, మీ కాగితమే కారణమవుతుంది. కానీ అడగాల్సింది ఆవిడే."

"అడిగిస్తానండీ."

"మీకు మెమో వస్తుంది, తెలుసుగా? అయినా ఇంతమందిలో తన తప్పు తను రాసిచ్చినవాణ్ని ఇప్పుడే చూస్తున్నా."

ఆయన చూపు నేలమీదికి దిగింది. వినయమనుకున్నారు మేడమ్.

పిన్నిని ఒప్పించడానికి మూడు రోజులు పట్టింది. మూసిన మర ముందు చాప వేసుకుని ఆవిడ ఎవరివో బట్టలకు కాజాలు కుడుతోంది. మొదటిరోజు మొహం తిప్పుకుంది. రెండోరోజు ఆయన సీసా సంగతి కాగితంలో రాసినట్టే చెబితే విని, సూదీ దారం పక్కన పెట్టింది. మూడోరోజు సంతకం పెట్టి, "ఇంకొకడైతే నోరు మూసుకుని కూర్చునేవాడు. నువ్వు నీ ఉద్యోగం మీదికి తెచ్చుకున్నావు తమ్ముడూ" అంది. సారు కాస్తా తమ్ముడయ్యాడు. ఆ మాటతో ఆవిడ అల్లుకున్న చుట్టరికాన్ని కాదనాల్సిన క్షణం అదే. ఆయన సంతకం తడి ఆరేదాకా కాగితం మీద ఊదుతూ నిలబడ్డారు.

బీరువాలోంచి ఒక సీసా పెద్ద ల్యాబుకి వెళ్లింది. వెళ్లి రావడానికి, మధ్యలో సెలవులూ సంతకాలూ కలిపి, మూడు నెలలు. ఆ మూడు నెలలూ పిన్ని ఆయన గురించి పొగిడి చెప్పని మనిషి సందులో లేడు. కనబడినప్పుడల్లా నిలబెట్టి మంచినీళ్లిచ్చేది. కాజాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకి చూపించేది, "ఇదిగో, నేను చెప్పలా, ఆ తమ్ముడే" అని. ఆ మంచినీళ్లు తాగడం ఆయనకు ఎంత కష్టమయ్యేదో చూసిన వాళ్లెవరూ లేరు. ఇల్లాలికి చెబితే, "తాగండి మరి. ఇచ్చింది కదా" అంది.

చివరికి రిపోర్టు వచ్చింది. కారంలో ఏ దోషమూ లేదు. లైసెన్సు తిరిగిచ్చిన ఉత్తర్వు ఆయనే తీసుకెళ్లారు. తలుపు మీది నోటీసు చింపుతుంటే కాగితం ముక్కలుగా వచ్చింది గాని జిగురు మరక పోలేదు. మొగుడు మర తిప్పి చూశాడు. బెల్టు కిర్రుమని, తర్వాత దారిలో పడింది. పాత దుమ్ము లేచి అతను తుమ్మాడు. పిన్ని నవ్వింది, నవ్వుతూనే ఉత్తర్వు కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఇది చూపిస్తే జనం వస్తారా తమ్ముడూ?"

కొలతలు రాసే సంస్థ ఉంది, కమిషనరు ఉన్నాడు, ల్యాబు మీద ల్యాబు ఉంది. బూజు కారమని ఇంటింటికీ పాకిన మాటను ఇంటింటికీ వెళ్లి వెనక్కి తెచ్చే అధికారిని మాత్రం ఆ చట్టం ఎక్కడా నియమించలేదు. పాత వాడకందార్లు ఈ నాలుగున్నర నెలల్లో పొట్లాల కారానికి అలవాటు పడిపోయారు.

"వస్తారు, నెమ్మదిగా" అన్నారు.

"ఒక్క నెలలో తేలిపోయి ఉంటే ఇంత దూరం పోయేది కాదు. సరేలే, నీకు గుర్తొచ్చినప్పుడేగా నువ్వు చెప్తావు. పాపం, ఎన్ని సీసాలని గుర్తుపెట్టుకుంటావు?"

ఆవిడ ఆయన తరఫున చెప్పిన ఆ సాకు ఆయన తట్టుకోలేకపోయారు.

"నాకు మొదటిరోజే తెలుసమ్మా."

"ఏది?"

"సీసా సంగతి. రిపోర్టు వచ్చిన రోజే తెలుసు. నోటీసు అతికించేటప్పుడు తెలుసు. పదవి వస్తుందేమోనని ఆగాను. రాలేదని తెలిశాక చెప్పాను."

మర తిరుగుతూనే ఉంది. మొగుడు చెయ్యి చాచి మోటారు ఆపాడు. అప్పుడు ఆ గది మరీ చిన్నదిగా కనిపించింది. పిన్ని తిడుతుందనుకున్నారు ఆయన, ఆవిడ నోరు ఎలాంటిదో సందంతటికీ తెలుసు. తిట్టమని లోలోపల బతిమాలుకున్నారు కూడా.

"నేను గట్టుమీద కూర్చుని ఏడుస్తున్నప్పుడు..." అని ఆగింది.

"తెలుసు."

ఆవిడ కాగితాన్ని మడతపెట్టింది. మడతమీద గోటితో గీసింది. మొగుడితో, "ఆఫీసరుగారు వెళ్తారట, ఆ బస్తా కాస్త పక్కకి జరుపు, దారికి అడ్డంగా ఉంది" అంది. అతను జరిపాడు. ఆయన బయటికొచ్చారు.

మర తర్వాత మళ్లీ నడిచింది, మూడోవంతు గిరాకీతో. పొద్దున రెండు గంటలు తిరిగేది, మిగతా పొద్దంతా పిన్ని కాజాలు కుట్టేది. మేడమ్‌తోనైనా "ఇటీవల" అన్న మాట సంగతి చెప్పేసి దిద్దుకుందామని సీసాల సారు ఒకసారి పక్కగది దాకా వెళ్లారు. ఫైలు మూసేశారు, రికార్డు గదికి పోయిందన్నాడు గుమాస్తా. తెరిపించాలంటే మళ్లీ దరఖాస్తు రాయాలి. రాద్దామనే అనుకున్నారు.

అన్నింటిలోకీ ఆయన మార్చుకున్నది ఒక్కటే. మిగిలిన మూడున్నర నెలల్లో తీసిన ప్రతి నమూనాకీ నాలుగో సీసా గురించి మామూలు మాటల్లో విడమర్చి చెప్పారు. కొందరు అడిగారు, కొందరు వద్దన్నారు. ఆఫీసులో మాత్రం "ఎక్స్‌ప్రెస్సు ప్యాసింజరయింది" అని నవ్వుకున్నారు.

రిటైరయిన రోజున ఆఫీసు హాల్లో కుర్చీలు వేశారు. మెమో సర్వీసు పుస్తకంలో ఒక పంక్తిగా చేరింది గాని ఎవరూ దాన్ని తప్పుగా చూడలేదు. మేడమ్ లేచి, ఒక పేద మరావిడ కోసం తన తప్పు తానే రాసిచ్చిన అధికారి గురించి పదినిమిషాలు మాట్లాడారు. "గుర్తొచ్చిన మరుక్షణం నా గదికి వచ్చారాయన" అన్నారు. వెనక వరసలో కొత్తగా చేరినవాళ్లు మెడలు సాచి చూశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

సీసాల సారు మాట్లాడటానికి లేచారు. మైకు ముందు నోరు తెరిచి, నాలుక చివరిదాకా వచ్చిన "ఇటీవల" అన్న మాటను మింగేశారు. తర్వాత మేడమ్‌కీ, సిబ్బందికీ, సీసాలు కడిగిన అటెండరుకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. మళ్లీ చప్పట్లు. ముందువరసలో ఆయన ఇల్లాలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.